మన ఇసుక ఎటు పోయింది? – సముద్రం గురించి మీ ఉత్తరాలు, నా జవాబులు

పోయిన నెల పుదుచ్చేరి బీచ్ గురించి రాశాను కదా. 1980ల చివర్లో హార్బర్ కట్టాక ఊరి ముందు ఇసుకంతా కొట్టుకుపోయి బండరాళ్లే మిగిలాయని, 2018లో నీళ్ల అడుగున ఒక పెద్ద ఉక్కు దిమ్మ దించాక ఇసుక మళ్లీ చేరిందని. దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య దేనికీ రాలేదు. కొందరు మెచ్చుకున్నారు, ఇద్దరు తిట్టారు, ఒకాయన సగం కథే చెప్పావని నిలదీశారు. ఆయన ఉత్తరం ఆఖర్న వేశాను, దాక్కోవడానికి కాదు, మిగతావి చదివాక అది బాగా అర్థమవుతుందని. పేర్లు వేయొద్దని చాలామంది అడిగారు కాబట్టి ఎవరివీ వేయడం లేదు, ఊళ్లు మాత్రం ఉన్నాయి.

అయ్యా, మాది ఉప్పాడ దగ్గర పేట. నా పెళ్లినాటికి మా ఇంటి ముందు రెండు వీధులు, ఆపైన కొబ్బరిచెట్లు, ఆపైన ఇసుక, ఆ తర్వాతే సముద్రం. ఇప్పుడు వంటింటి గోడకి కెరటం కొడుతోంది. రాళ్లు పోస్తారు, రెండు తుఫాన్లకి అవీ పోతాయి. పోర్టు వల్లే అంటారు మా వాళ్లు. నిజమేనా? – ఉప్పాడ నుంచి ఒక పాఠకురాలు

సగం నిజం అమ్మా. మిగతా సగం చెప్పాలంటే ముందు ఇసుక సంగతి చెప్పాలి.

మన తూర్పు తీరంలో ఇసుక ఒకచోట కుదురుగా ఉండదు. ఏడాదిలో ఎక్కువ నెలలు కెరటాలు దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా వచ్చి తీరానికి తగులుతాయి, తగిలిన ప్రతిసారీ గుప్పెడు ఇసుకని కాస్త ఉత్తరానికి జరిపి వదిలేస్తాయి, ఈశాన్య గాలులప్పుడు కొంత వెనక్కొస్తుంది గానీ ఏడాది లెక్క తేలేసరికి ఇసుక ఉత్తరానికే పోయి ఉంటుంది. ఆ దారికి అడ్డంగా గోడ కట్టామంటే దక్షిణం పక్క మేట వేస్తుంది, ఉత్తరం పక్క కోత పడుతుంది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో చెన్నై పోర్టు కట్టాక జరిగింది అదే. గోడకి దక్షిణాన మెరీనా అంత వెడల్పున పెరిగింది, ఉత్తరాన రాయపురం వైపు తీరం కోసుకుపోయింది. మెరీనాలో సుండల్ తింటూ కూర్చున్నప్పుడు ఆ ఇసుక ఎవరికి అందాల్సిందో మనకి గుర్తు రాదు, నాకూ రాలేదు చాలా ఏళ్లు.

మీ ఊరి దగ్గర మాత్రం పోర్టు ఒక్కదాన్నే పట్టుకుంటే లెక్క సరిపోదు. గోదావరి తెచ్చిన ఇసుకతోనే పుట్టిన హోప్ ఐలాండ్ మీకు దక్షిణాన ఉత్తరం వైపే పొడుగ్గా పెరుగుతూ వచ్చింది. కాకినాడకి అది పెట్టని కోట, తుఫాను అలల్ని అడ్డుకుంటుంది. దాని కొస దాటాక అలలు వంగి, జోరు తగ్గకుండా మీ మీదికొస్తాయి. రెండోది, గోదావరి అసలు తెచ్చే సరుకే తగ్గిపోయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్కగట్టారు, 1970ల్లో నది ఏటా 15 కోట్ల టన్నుల మట్టి మోసుకొస్తే 1990ల్లో 6 కోట్ల టన్నులు కూడా రాలేదని. పైన కట్టిన డ్యాముల్లో ఆగిపోయింది. అంటే మీ వంటింటి గోడ కూలడంలో ఎక్కడో మహారాష్ట్రలో, తెలంగాణలో కట్టిన ఆనకట్టకి కూడా వాటా ఉంది. ఆ నీళ్లతో పండిన అన్నం మనందరం తిన్నాం, కాబట్టి ఎవర్ని తిట్టాలో కూడా తేలదు.

రాళ్ల గోడ గురించి నేను ముప్పై ఏళ్లు నీళ్ల అడుగున ఇసుక తోడే డ్రెడ్జర్ల మీద, సర్వే బోట్ల మీద తిరిగినవాడిగా ఒక్క మాట చెప్తాను. గోడ వెనకాల ఉన్న ఇంటికి అది కొన్నాళ్లు కాపలా కాస్తుంది, గోడ ఆగిపోయిన చోట పక్క పేటని కోస్తుంది. కెరటం రాయికి కొట్టుకుని వెనక్కి పోతూ గోడ కాళ్ల కింద ఇసుక లాక్కుపోతుంది, అందుకే మీ దగ్గర రాళ్లు కుంగిపోతాయి. వేసిన జియో ట్యూబులు, అంటే ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలు, చిరిగిపోవడం మీరు కళ్లారా చూసిందే. మరి ఏం చేయాలి? విశాఖలో చేసే పని చూడండి. అక్కడ 1933లో పోర్టు తెరిచేనాటికే, ఇసుక లోపలికి రాకుండా మొగ దగ్గర రెండు పాత ఓడల్ని ముంచి అడ్డం పెట్టారు. 1970ల్లో ఔటర్ హార్బర్ గోడలు వచ్చాక దక్షిణాన ఆగిన ఇసుకని డ్రెడ్జర్‌తో తోడి గొట్టంలో ఆర్కే బీచ్ వైపు పంపుతున్నారు. ఆ గొట్టం మూతి దగ్గర నిలబడితే తెలుస్తుంది, బూడిద రంగు నీళ్లు భళ్లున పడతాయి, నీళ్లు వెనక్కి జారిపోగానే నల్ల ఇసుక చారలు చారలుగా మిగులుతుంది, పక్కనే పిల్లలు అందులో కాళ్లు పాతిపెట్టి ఆడుకుంటుంటారు. ఒకసారి చేసి చేతులు దులుపుకుంటే కుదరదు, గోడ ఉన్నన్నాళ్లూ చేస్తూనే ఉండాలి. ఊరు అడగాల్సింది అదే, రాళ్ల లారీలు కాదు. ఇల్లు మారాల్సి వస్తే పడవ కట్టుకునే చోటికి నడిచి వెళ్లేంత దూరంలోనే స్థలం అడగండి, పది కిలోమీటర్ల అవతల పట్టా తీసుకుని వేటకి ఆటోలో రాలేరు.

తుఫాను వెళ్లిన మర్నాడు మీ ఊళ్లో ఆడవాళ్లు, పిల్లలు ఇసుకలో బంగారం రవ్వల కోసం వెతకడం టీవీల్లో వింతగా చూపిస్తారు. మునిగిపోయిన ఇళ్లల్లోవో గుళ్లల్లోవో అయ్యుంటాయని మీ వాళ్లే అంటారు. అందులో వింతేముందో నాకైతే అర్థం కాదు.

సార్, 5 కిలోమీటర్ల లోతున చిమ్మచీకట్లో రాళ్లు పడి ఉన్నాయి. వాటిల్లో నికెల్, కోబాల్ట్ ఉన్నాయి. ఎలక్ట్రిక్ బండ్లకి అవి కావాలి. పైన అడవులు కొట్టి తవ్వేకన్నా అక్కడ ఏరుకోవడమే పర్యావరణానికి మంచిది కదా? మరి ఈ గోల ఎందుకు? – మాదాపూర్, హైదరాబాద్

మంచి ప్రశ్న, నేనూ పదేళ్ల కిందట ఇలాగే మాట్లాడేవాణ్ణి.

ముందు ఆ రాయి. నా బల్ల మీద ఒకటి ఉంది, పాత స్నేహితుడు ఇచ్చింది. పొయ్యిలో మాడిన బంగాళాదుంపలా ఉంటుంది, చేత్తో రుద్దితే వేళ్లకి మసి. కోస్తే లోపల ఉల్లిపాయలా పొరలు, మధ్యలో ఎప్పటిదో సొరచేప పన్నో గవ్వ ముక్కో. దాని చుట్టూ నీళ్లలోని లోహాలు పేరుకుంటూ వస్తాయి, పది లక్షల ఏళ్లకి కొన్ని మిల్లీమీటర్లు. అంటే ఈ గుప్పెడు రాయి మనుషులు పుట్టకముందు నుంచీ పెరుగుతోంది.

మన దేశం ఈ వేటలో కొత్తగా దిగింది కాదు. గవేషణి ఓడ 1981లోనే అరేబియా సముద్రం నుంచి ఇలాంటి రాళ్లు తెచ్చింది. 1987లో అంతర్జాతీయంగా మొట్టమొదటి పయనీర్ ఇన్వెస్టర్ గుర్తింపు, అంటే ఈ వెతుకులాటలో ముందు దిగినవాళ్లకిచ్చే హోదా, మనకే దక్కింది. ఇప్పుడు మధ్య హిందూ మహాసముద్రంలో 75,000 చదరపు కిలోమీటర్లలో వెతికే హక్కు మనకుంది, అక్కడ 38 కోట్ల టన్నుల రాళ్లు ఉంటాయని అంచనా. గుర్తుపెట్టుకోండి, వెతికే హక్కే, తవ్వి అమ్ముకునే హక్కు కాదు. ఆ నియమాలు జమైకాలోని కింగ్‌స్టన్‌లో ఉన్న, సముద్రం అడుగు తవ్వకాల సంగతి చూసే అంతర్జాతీయ సీబెడ్ అథారిటీలో ఏళ్లతరబడి నలుగుతున్నాయి. 2025లో అమెరికా, నేను అందులో సభ్యుణ్ణే కాదు కాబట్టి నా అనుమతులు నేనే ఇచ్చుకుంటాను అని ఆర్డరు వేసింది. పొలం గట్టు దగ్గర పంచాయతీ ఇంకా తేలకముందే ఒకడు నాగలి దించేశాడన్నమాట.

ఇక మీరన్న 'రాళ్లు పడి ఉన్నాయి' దగ్గరికి. ఆ లోతున బొటనవేలి గోరంత జాగా మీద అర టన్ను బరువు ఉంటుంది, వెలుతురు సున్నా, తిండి పైనుంచి రాలిపడే రేణువులే. అయినా ప్రాణులున్నాయి. చుట్టూ మెత్తటి బురద, పట్టుకుని నిలబడ్డానికి గట్టిగా ఉన్నది ఆ రాయొక్కటే, స్పాంజ్‌లూ అనిమోన్లూ దాన్ని పట్టుకునే బతుకుతాయి. రాయి ఏరడమంటే పూలకుండీ తీసుకుపోవడం కాదు, నేలే తీసుకుపోవడం. రాయితోపాటు యంత్రం పై పొర బురదని కూడా గీకి లేపుతుంది, అది మబ్బులా చాలా దూరం వెళ్లి అక్కడివాటి మీద పడుతుంది.

మాటలు కాదు, చూసి చెప్పినవాళ్లున్నారు. 1989లో జర్మన్ శాస్త్రవేత్తలు పెరూ దేశానికి దూరంగా సముద్రంలో 4 కిలోమీటర్ల పైచిలుకు లోతున కావాలని ఒక ముక్కని నాగలిలాంటి దానితో దున్ని వదిలేశారు, ఏమవుతుందో చూద్దామని. 26 ఏళ్ల తర్వాత 2015లో వెళ్లి చూస్తే చాళ్లు నిన్న దున్నినట్టే ఉన్నాయి. పసిఫిక్‌లో 1979లో యంత్రం నడిచిన జాడ 44 ఏళ్లకి కూడా కనిపించింది, బురదలో పాకే చిన్న ప్రాణులు కొన్ని తిరిగొచ్చాయి గానీ రాయిని పట్టుకుని ఉండే పెద్దవి చాలావరకు రాలేదు. పైన తవ్విన గనిలో ఇరవై ఏళ్లలో తుమ్మ మొలుస్తుంది. అక్కడ తుమ్మ కూడా మొలవదు.

ఇండోనేషియాలో నికెల్ కోసం అడవులు పోతున్న మాట, కాంగోలో కోబాల్ట్ గనుల్లో మనుషుల బతుకు మాట అక్షరాలా నిజం. కాకపోతే కింద తవ్వడం మొదలైతే పైన ఆపేస్తారని ఎవరు రాసిచ్చారు? రెండుచోట్లా తవ్వుతారు, అంతే. పైగా మీ వీధిలో తిరిగే ఎలక్ట్రిక్ బండ్లలో చాలావాటికి ఇప్పటికే ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు వస్తున్నాయి, వాటికి నికెల్ అక్కర్లేదు, కోబాల్ట్ అక్కర్లేదు. గని మొదలయ్యేసరికి ఆ సరుకు ధర ఎంతుంటుందో ఎవరూ చెప్పలేరు.

అలాగని మనుషుల్ని సముద్రం అడుగుకి దించడానికి మనవాళ్లు తయారు చేస్తున్న మత్స్య-6000 దండగ అనే బ్యాచ్‌లో నేను లేను. 2.1 మీటర్ల టైటానియం గోళంలో ముగ్గురు మనుషులు 6,000 మీటర్లు దిగడం కోసం చెన్నైలోని సముద్ర సాంకేతిక సంస్థ ఎన్ఐఓటీ వాళ్లు పడుతున్న పాట్లు చూస్తే ముచ్చటేస్తుంది. 2025 ఆగస్టులో మనవాళ్లు ఫ్రెంచి వాళ్ల నాటీల్ అనే ఇలాంటి వాహనంలోనే అట్లాంటిక్‌లో 5,000 మీటర్లు దాటి దిగొచ్చారు కూడా. దిగాలి, చూడాలి, ఏముందో లెక్క రాసుకోవాలి. గీకడం మాత్రం ఇప్పుడే వద్దంటాను. ముప్పైకి పైగా దేశాలు అదే అంటున్నాయి.

అన్నా, మాది జగిత్యాల, దుబాయ్‌లో పని. ఇక్కడ సముద్రంలో ఇసుక పోసి ఖర్జూరపు చెట్టు ఆకారంలో ఊరు కట్టిన్రు. చుట్టూ ఎడారే ఉండంగ ఇసుక సముద్రం నుంచి ఎందుకు తోడిన్రు? దానితోని నష్టం ఏమన్న అయిందా?

తమ్ముడూ, ఎడారి ఇసుక గాలికి దొర్లీ దొర్లీ గుండ్రంగా, నున్నగా అయిపోతుంది, నీళ్లలో పోస్తే ఒకదాన్నొకటి పట్టుకోదు. అందుకని గల్ఫ్ అడుగు నుంచే 9 కోట్ల ఘనపు మీటర్లకి పైగా తోడి డ్రెడ్జర్లతో చిమ్మారు. తోడిన చోట అడుగున ఉన్నవన్నీ పోయాయి, పోసిన చోట ఉన్నవి పూడిపోయాయి, బురద కమ్మి పక్కనున్న పగడాలకీ దెబ్బ తగిలింది. చుట్టూ గోడ కట్టాక లోపల నీళ్లు కదలక నిలవ ఉండిపోతున్నాయని గోడకి మధ్యలో గండ్లు పెట్టారు. ఆ గోడ రాళ్ల సందుల్లో తర్వాత చేపలు చేరాయి, దాన్నే బ్రోచర్లలో చూపిస్తారు. చేరడం నిజమే. ఉన్నవి పోయిన సంగతి బ్రోచర్లో ఉండదు.

మాస్టారూ, నేను ఇంటర్ ఫస్టియర్. సముద్రంలో ఇనుము చల్లితే నాచు పెరిగి గాల్లో కార్బన్ డయాక్సైడ్ పీల్చేస్తుందని యూట్యూబ్‌లో చూశాను. ఇంత తేలికైతే ఎందుకు చేయట్లేదు? – భీమవరం

చేశారు తల్లీ, అదీ మనవాళ్లే. నీకు చెప్పకుండా ఎలా ఉంటాను!

దక్షిణాన అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్రంలో ఎరువు బోలెడుంది, ఇనుము లేదు. మీ ఊరి చేపల చెరువులో ఎరువులు వేస్తే నీళ్లు పచ్చబడతాయి కదా, అక్కడ ఆ పచ్చదనం రాకుండా ఆపుతున్నది ఇనుము కొరతే. జాన్ మార్టిన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1988లో సరదాగా అన్నాడు, నాకు అర ట్యాంకరు ఇనుము ఇవ్వండి, మీకు మంచుయుగం తెచ్చిస్తానని. ఆ మాట పట్టుకుని చాలా ప్రయోగాలు జరిగాయి. 2009 జనవరిలో గోవాలోని మన సముద్ర శాస్త్ర సంస్థ ఎన్ఐఓ, జర్మనీవాళ్ల ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ ఇన్‌స్టిట్యూట్ కలిసి పోలార్‌స్టెర్న్ ఓడలో వెళ్లారు. పేరు లోహాఫెక్స్, అందులో 'లోహా' మన ఇనుమే. బయల్దేరిన దగ్గర్నుంచే పర్యావరణ సంఘాలు గొడవ చేస్తే జర్మనీ ప్రభుత్వం ఓడ నీళ్ల మీద ఉండగానే ప్రయోగం ఆపమంది, మళ్లీ పరిశీలించుకుని సరే అంది.

సుడి తిరుగుతున్న 300 చదరపు కిలోమీటర్ల నీళ్లలో ఇనుము కలిపారు. మొదటి రెండు వారాల్లో నాచు రెట్టింపైంది. అందరూ సంబరపడేలోపు కోపిపాడ్‌లనే చిన్న రొయ్యల్లాంటివి వచ్చి నాచు తినేశాయి, వాటిని ఇంకాస్త పెద్ద పురుగులు తిన్నాయి. గాజు పెంకున్న డయాటమ్ నాచు అయితే అంత తేలిగ్గా నోటికి చిక్కదు, బరువుకి కిందికి దిగి కార్బన్ని అడుగుకి తీసుకుపోతుంది. పెంకు కట్టుకోవడానికి దానికి సిలికా కావాలి, ఆ నీళ్లలో సిలికా లేదు. చివరికి అడుగుకి దిగిన కార్బన్ నామమాత్రం.

ఫెయిలైందనుకోకు, నా దృష్టిలో మన సముద్ర శాస్త్రం చేసిన మంచి పనుల్లో అదొకటి, ఎందుకంటే ఏం జరగదో తేల్చి చెప్పింది. ఇప్పుడు కంపెనీలు కార్బన్ క్రెడిట్లు అమ్ముకోవడానికి సముద్రంలో ఇష్టమొచ్చినట్టు చల్లకుండా సముద్రంలో చెత్త పారబోయకుండా చూసే లండన్ ఒప్పందం కింద కట్టడి ఉంది, నిజమైన పరిశోధనకి మాత్రం దారి వదిలారు. చేస్తే చిన్నగా చేసి చూడాలి. ఇప్పటికే సముద్రం మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో పావు వంతు, పెరిగిన వేడిలో 90 శాతానికి పైగా ఊరికే మోస్తోంది. ఇంకా మొయ్యమని అడిగే ముందు కాస్త మొహమాటపడాలి కదా. ఎంపీసీనా బైపీసీనా రాయలేదు, ఏదైనా ఈ దారిలో పని ఉంది.

సార్, భీమిలి అవతల మాది. సముద్రంలో సిమెంటు దిమ్మలు దింపారు, చేపలు పెరుగుతాయన్నారు. పెరగడం సంగతి దేవుడెరుగు, మా వలలు చిరుగుతున్నాయి. ఇంకోపక్క బోనుల్లో చేపలు పెంచమంటున్నారు. ఏది నమ్మాలి?

దిమ్మల మీద చేప చేరే మాట నిజం, నువ్వే గాలం వేసి చూస్తే తెలుస్తుంది. దిమ్మ సందుల్లో చిన్న చేప దాక్కుంటుంది, దాని కోసం పెద్దది వస్తుంది. గొడవెక్కడంటే, చుట్టుపక్కల ఉన్న చేపే అక్కడ పోగైందా లేక కొత్తగా పెరిగిందా అన్నది. మొదటిదే అయితే దిమ్మల దగ్గర అందరూ కలిసి ఉన్నది ఊడ్చేస్తారు, రెండేళ్లకి ముందుకన్నా తక్కువ మిగులుతుంది. అక్కడ గాలం తప్ప వల వేయకూడదని ఊరు కట్టుబాటు పెట్టుకుంటేనే అది పనికొస్తుంది.

వల చిరగడానికి ఒక లెక్క ఉంది, వినడానికి బాగోదు గానీ చెప్తాను. అడుగు ఊడ్చే మర బోట్ల వలలు అక్కడికి రాకుండా చేయడం కూడా దిమ్మలు వేయడంలో ఒక ఉద్దేశమే. అది నీకు మేలే. దిమ్మ ఎక్కడుందో మీకు చెప్పకుండా, మీ పెద్దల్ని అడగకుండా వేయడం మాత్రం తప్పు. ఏ చోట ఏ వల పడుతుందో ఏ మ్యాపులోనూ ఉండదు, అది మీ తాతల దగ్గరుంది. జీపీఎస్ గుర్తులు కాగితం మీద రాయించి తీసుకోండి, తర్వాతి విడత వేసేముందు ఊళ్లో కూర్చుని మాట్లాడమనండి.

బోనుల సంగతి. మన దేశంలో సముద్రపు బోనులో చేపలు పెంచి చూపించింది 2007లో విశాఖ దగ్గరే, కేంద్ర సముద్ర చేపల పరిశోధన సంస్థ సీఎంఎఫ్ఆర్ఐ వాళ్లు పండుగప్ప పెంచారు. పండుగప్పకి మంచి ధర ఉంది. దానికి మేత చేపే. చవగ్గా వస్తున్నాయని కవళ్లు, చిల్లర చేప వేసి పెంచితే కిలో పెరగడానికి అంతకు ఎన్నో రెట్ల చిన్న చేప పోతుంది, ఆ చిన్న చేప మీ ఇంటావిడ తట్టలో అమ్ముకునేది. తయారీ మేత వాడితే కాస్త నయం, ఖర్చు ఎక్కువ. తుఫాను కాలానికి ముందే పట్టేసేలా లెక్క చూసుకో, బోను అప్పు మీదే కొంటావు కదా, టెన్షన్ నీకే.

సముద్రపు నాచు పెంచడం అన్నిటికన్నా తేలిక, మేత అక్కర్లేదు. అందులోనూ ఏ నాచు అన్నది చూడాలి. తమిళనాడు మండపం వైపు ఫిలిప్పీన్స్ జాతి నాచు తెచ్చి పెంచితే ఆడవాళ్లకి మంచి సంపాదన వచ్చింది, 2008 నాటికి అదే నాచు తాళ్ల మీద నుంచి తప్పించుకుని కురుసడై దీవి పగడాల మీద పాకింది. మన తీరంలో పెరిగే రకాలే అడుగు. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో చేతికి పని దొరకడం చిన్న విషయం కాదు.

మాది సింగరాయకొండ వైపు. బోర్లన్నీ ఉప్పన. ఎదురుగా సముద్రం ఉండి నీళ్లు కొనుక్కోవడం ఏంటండీ? మంచినీళ్లుగా మార్చే ప్లాంట్లు అన్ని ఊళ్లకీ పెట్టొచ్చు కదా?

పెట్టొచ్చు, చెన్నైలో పెట్టారు. వెయ్యి లీటర్లకి సుమారు 3, 4 యూనిట్ల కరెంటు, అది భరించగలిగితే నీళ్లొస్తాయి. తోడిన నీళ్లలో సగం కూడా మంచినీళ్లు కావు, మిగిలింది రెట్టింపు ఉప్పుతో తిరిగి సముద్రంలోకే పోతుంది. లోతుగా, పారే చోట వదిలి బాగా కలిసేలా చేస్తే పెద్ద ఇబ్బంది లేదు, డబ్బు మిగుల్చుకుందామని ఒడ్డునే, ఉప్పుటేటి మొగలో వదిలితే పీతా, గుడ్డు పెట్టడానికొచ్చే చేపా పోతాయి. ప్లాంటు వస్తుందంటే మొదట అడగాల్సింది వదిలే గొట్టం ఎంత పొడుగని.

లక్షదీవుల్లో కవరట్టిలో 2005లో ఎన్ఐఓటీ వాళ్లు వేరే పద్ధతి పెట్టారు. పై నీళ్లు గోరువెచ్చగా 28 డిగ్రీలుంటాయి, 350 మీటర్ల లోతున చల్లగా 12, 13 ఉంటాయి. గాలి తీసేసిన డబ్బాలో వెచ్చటి నీళ్లు కొంచెం ఆవిరవుతాయి, ఆ ఆవిరిని కింది చల్లనీళ్లతో చల్లబరిస్తే మంచినీళ్లు. మన సారా బట్టీ సూత్రమే, పొయ్యి లేదంతే. రోజుకి లక్ష లీటర్లు. ఉప్పు చిక్కబడదు, రసాయనాలు అక్కర్లేదు. మీకు కుదురుతుందా అంటే కష్టం, దీవి పక్కనే లోతు ఉంటుంది, మన తీరంలో ఆ లోతు కోసం చాలా దూరం పోవాలి. చెన్నైకి 40 కిలోమీటర్ల దూరాన బల్లకట్టు మీద 2007లో చేసి చూశారు, నీళ్లు వచ్చాయి, అంత దూరం నుంచి ఒడ్డుకి చేర్చడమే పెద్ద పని. మీ ఊరికి ముందు చెరువు పూడిక తీయించండి, నవ్వకండి, నిజంగానే చెప్తున్నాను.

హైదరాబాద్‌లో సముద్రమే లేదు, సముద్రం ఆఫీసు ఎందుకు? – కూకట్‌పల్లి

ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ గురించేగా. సునామీ వస్తే హెచ్చరించాల్సిన ఆఫీసు ఒడ్డునే ఉంటే ఏమవుతుందో ఆలోచించండి. చేపలు ఎక్కడ పడొచ్చో శాటిలైట్‌తో నీళ్ల వేడి, పచ్చదనం చూసి రోజూ చెప్పేది కూడా వాళ్లే. విశాఖ హార్బర్‌లో వేటకెళ్లేవాడి ఫోనుకి కబురు కూకట్‌పల్లి పక్క నుంచి వెళ్తుంది.

అయ్యా, మాది యానాం, ఉద్యోగం పుదుచ్చేరిలో. మీరు రాసినట్టు బీచ్ వచ్చింది, సాయంత్రం మేమూ వెళ్తాం. హార్బర్‌కి ఉత్తరాన టూరిస్టులు తిరిగే ముక్కే మీరు చూశారు. ఇంకా ఉత్తరానికి పోతే తమిళనాడులోని బొమ్మయార్‌పాళయం, ఆ అవతల పిళ్ళైచావడి దగ్గర పడవలు పెట్టుకోవడానికి ఇసుక లేదు. వాళ్ల ఇళ్ల మాట ఎందుకు రాయలేదు?

రాయలేదు, తప్పే. ఉక్కు దిమ్మ బీచ్ తిరిగి తెచ్చిందన్నది నిజం కాబట్టి ఆ సంతోషంలో అక్కడే ఆగిపోయాను. పైన ఉప్పాడ అమ్మకి చెప్పిన లెక్కే ఇక్కడా, కిందా మీదా పడి ఒకచోట ఇసుక నిలబెట్టామంటే అది ఉత్తరాన ఇంకొకరికి ఆలస్యంగా అందుతుంది, మధ్యలో రాళ్ల గోడలుంటే అసలు అందకపోవచ్చు. పుదుచ్చేరి ఒక ప్రభుత్వం, రెండు కిలోమీటర్లు దాటితే తమిళనాడు ఇంకో ప్రభుత్వం, ఇసుకకి ఆ హద్దు తెలియదు గానీ ఫైలుకి తెలుసు. హార్బర్ మొగలో తోడిన ఇసుక ఎవరి వైపు పోయాలన్నది ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలి. దిమ్మని తప్పుపట్టను, ఏమీ చేయకుండా ఉన్న ముప్పై ఏళ్లకన్నా అది మేలు.

వచ్చే నెల చెన్నైలో పెళ్లి ఉంది, అటు నుంచి దిగి హార్బర్ గోడ దగ్గర మొదలుపెట్టి పిళ్ళైచావడి దాకా ఒడ్డునే నడుస్తాను. మోకాళ్లు సహకరిస్తే మీరూ రండి, ఆదివారం పొద్దున అయితే బావుంటుంది, ఎండ ఎక్కకముందే.